మూత తీసినవాడు దొంగ

ముందే చెప్పేస్తాను. ఈ గొడవకి మూలం నేనే. తప్పుని ప్రభుత్వం మీదకి తోసెయ్యడం నాకు బాగా అలవాటైన పని. ఇరవై రెండేళ్ళుగా అదే చేస్తున్నాను. కానీ ఈసారి తోస్తే వాళ్ళు నా సంతకం తీసి చూపిస్తారు.

నా పేరు పోలిరాజు. మా ఊరు కొత్తమొగ. గోదారి పాయ సముద్రంలో కలిసే చోటుని మేం మొగ అంటాం. అక్కడ ఏటి నీరూ సముద్రపు కెరటమూ ఎదురెదురుగా కొట్టుకుంటాయి. చేపల వేటకి పోవాలంటే ఆ కొట్లాట మధ్యనుంచే పోవాలి. మోటారు గట్టిగా పనిచేస్తే రెండు నిమిషాల్లో దాటేస్తారు. అక్కడ మోటారు ఆగితే పడవ కెరటానికి అడ్డం తిరుగుతుంది. ఆ తరవాత ఏమవుతుందో మా ఊళ్ళో అడగరు.

మా దగ్గర నలభై రెండు పడవలు. పడవ వెనక తగిలించే మోటారు, పక్కన ఆయిలు ట్యాంకు, ట్యాంకు నుంచి మోటారుకి రబ్బరు గొట్టం, గొట్టం మధ్యలో చేత్తో నొక్కే రబ్బరు బుడ్డి. నాకు మోటారు గురించి ఇంతే తెలుసు. నేను ఐదో తరగతిలో బడి మానేశాను. ఆ తరవాత చదివినవన్నీ ప్రభుత్వ ఉత్తర్వులే. ఉత్తర్వు నంబరూ తేదీ చెప్పి ఆఫీసరుకి చెమటలు పట్టించగలను. మోటారుకి మాత్రం ఉత్తర్వు నంబర్లు తెలియవు.

పోయిన ఏడు నాకో అనుమానం పట్టుకుంది. డిపోలో మత్స్యకారులకిచ్చే రాయితీ ఆయిలు పడవల్లోకి చేరేలోపు లారీల్లోకి చేరుతోందని. నిజంగానే చేరుతోంది. నేను టెంటు వేశాను. ధర్నాలో నా డిమాండు ఒక్కటే: ట్యాంకు నింపగానే అధికారి ఎదురుగా మూతకి గుడ్డ చుట్టి, లక్క కరిగించి పోసి, సీలు కొట్టాలి. సాయంత్రం వేట నుంచి వచ్చాక మళ్ళీ అధికారి ఎదురుగానే సీలు తియ్యాలి. మధ్యలో మూత తీసినవాడు దొంగ. నినాదం కూడా నేనే కట్టాను. "మూత తీసినోడు!" అని నేనంటే "దొంగా దొంగా!" అని జనం అనేవాళ్ళు. "సొంత చెల్లెలి మొగుడైనా సరే, దొంగే!" అని మైకులో అరిచాను. నా చెల్లెలు మంగ మొగుడు దానయ్య ముందు వరసలో కూర్చుని చప్పట్లు కొట్టాడు.

ఇరవై ఏడో రోజున తీర మోటారు పడవల సంక్షేమ విభాగం ఉప సంచాలకులు పరంజ్యోతి గారు టెంటుకి వచ్చారు. పొట్టిగా, ఇస్త్రీ చెడకుండా ఉండే మనిషి. కాగితం తీసి చదివారు.

"తమరి కోరికను విభాగము మిక్కిలి సానుభూతితో పరిశీలించి, సూత్రప్రాయముగానూ, వాస్తవముగానూ, యథాతథముగానూ అంగీకరించడమైనది."

ఇరవై రెండేళ్ళలో ఏ ఆఫీసరూ నేను అడిగింది అడిగినట్టు ఇవ్వలేదు. అక్కడే అనుమానపడాల్సింది. నేను మెడ వంచి దండ వేయించుకున్నాను. నిఘా సంఘం అధ్యక్షుడిగా నిబంధన కింద సంతకం కూడా పెట్టాను.

సీలు వేసిన మొదటి రోజు పండగలా చేశాం. నలభై రెండు పడవలకి మామిడాకులు కట్టాం. బ్యాండు పెట్టాం. పడవలు బారు తీరి బయల్దేరాయి. నేను ఒడ్డున కుర్చీ మీద నిలబడి చెయ్యి ఊపుతున్నాను. తొమ్మిది నిమిషాలకి మొదటి పడవ ఆగింది. తరవాత రెండోది. తరవాత నాలుగు ఒకేసారి. పావుగంటలో మొత్తం నలభై రెండూ ఆగిపోయి, మొగకి కాస్త ఇవతల గుంపుగా తేలుతున్నాయి. బ్యాండువాళ్ళకి ఆపమని చెప్పేవాడు లేక వాయిస్తూనే ఉన్నారు.

అందరూ తెడ్లు వేసుకుంటూ వెనక్కొచ్చారు.

"ఏటి బావా ఇది?" అన్నాడు దానయ్య, చెమట తుడుచుకుంటూ. "బుడ్డి సూడు. ముసిల్దాని బుగ్గలాగ లోనకెల్లిపోయింది. ఎంత నొక్కినా ఉబ్బదు. ఆయిలు రాట్లేదు."

ఊళ్ళో మోటార్లు బాగుచేసే మస్తాను వచ్చాడు. బుడ్డి చూశాడు, గొట్టం చూశాడు. ట్యాంకు మూత మీద లక్కని వేలితో తట్టాడు.

"ఇంకేటీ సూడక్కర్లేదు లీడరు గారూ. ఈ మూత మీద గాలి చిల్లు ఉంటాది. ఆయిలు బయటికెల్లిన కొద్దీ ఆ చోటులోకి గాలి రావాల. మీరు లక్క పోసి దాన్ని కప్పెట్టేశారు. మోటారు లాగినంత సేపు లాగింది, ఇంక దాని వల్ల కాక ఊరుకుంది. నూనె డబ్బాకి ఒకే చిల్లు పెట్టి ఒంపండి, గుటక గుటక అని ఎలా సత్తాదో. రెండో చిల్లు పెట్టరా మరి? లక్క తీసెయ్యండి, నడుత్తాది."

నలభై రెండు పడవలవాళ్ళు నా మొహం చూస్తున్నారు. వాళ్ళ వెనక, నిన్న వేయించుకున్న దండ ఇంకా టెంటు గుంజకి వేలాడుతోంది. అప్పుడు నేనేం చెయ్యాలో ఏ చదువురాని వాడికైనా తెలుసు. నేను చదువుకున్నవాణ్ణి కదా.

"ఏ లారీవాడు పంపాడ్రా నిన్ను?" అన్నాను.

మస్తాను లక్క మీంచి చెయ్యి తీశాడు. రెంచీలు సంచిలో వేసుకుని వెళ్ళిపోయాడు. జనం "దొంగా దొంగా" అన్నారు. వాళ్ళని నేను ఇరవై ఏడు రోజులు తయారుచేశాను. ఊరికే పోతుందా?

ఇంటికెళ్ళేసరికి మా ఆవిడ మరిడమ్మకి ఈ సంగతి చేరిపోయింది.

"నీ నోరూ ముక్కూ రెండూ మూసుకుని ఉపన్యాసం చెప్పు సూద్దాం" అంది, కంచం ముందు పెడుతూ.

"నీకు సాంకేతిక విషయాలు తెలియవు."

"అవునవును. నువ్వు ఊపిరి పీల్చకుండా ఇరవై రెండేళ్ళ నుంచీ మాట్లాడతన్నావు. నీకెలా తెలుత్తాది!"

నేను విభాగానికి అర్జీ పెట్టాను. మోటార్లకి ఆయిలు అందడం లేదు, కారణం కనిపెట్టాలి అని. సీలు మాట రాయలేదు. వారంలోగా ఇంధన సరఫరా అంతరాయ నిర్ధారణ సంఘం ఏర్పాటైంది. పట్నం నుంచి ఒక నిపుణుడు వచ్చాడు. పరంజ్యోతి గారు అధ్యక్షులు. మత్స్యకారుల ప్రతినిధిని నేనే.

సంఘం ఒక పత్రం తయారుచేసింది. పదిహేడు ప్రశ్నలు, వరస తప్పకుండా పూర్తిచేయాలి. దానయ్య పడవని నమూనాగా ఇసకలోకి లాగారు. పరంజ్యోతి గారు గొడుగు కింద కూర్చుని చదివారు.

"ఒకటవ ప్రశ్న. ట్యాంకులో ఇంధనము కలదా?"

"కలదండి" అన్నాడు దానయ్య.

"నీవు చూచితివా?"

"ట్యాంకు ఊపితే తెలుత్తాదండి. గలగలమంటాది."

"శబ్దము సాక్ష్యము కాదు. మూత తీయవలెను. మూత తీయరాదు. కావున, సీలు ఉన్నందున పరిశీలింప వీలుకాలేదు అని వ్రాయడమైనది. రెండవ ప్రశ్న. ఇంధనములో నీరు కలిసినదా? సీలు ఉన్నందున పరిశీలింప వీలుకాలేదు. మూడవ ప్రశ్న. ట్యాంకులోనికి గాలి ప్రవేశించుచున్నదా?"

నేను ఇసకలోకి చూశాను. దానయ్య నా వైపు చూశాడు.

"సీలు ఉన్నందున," అన్నారు పరంజ్యోతి గారు, "పరిశీలింప వీలుకాలేదు. నాలుగవ ప్రశ్న."

నాలుగు నుంచి పదిహేడు వరకూ నిపుణుడు ఎంతో శ్రద్ధగా చేశాడు. ఆ మాట ఒప్పుకోవాలి. గొట్టం మార్చాడు. బుడ్డి మార్చాడు. ఫిల్టరు కడిగాడు. ఆయిలు పంపు విప్పి లోపలి పల్చటి రబ్బరు మార్చాడు. కార్బురేటరు విప్పి, సూది మొనంత చిల్లుల్లో సన్నటి తీగ దూర్చి శుభ్రం చేశాడు. ఆ పైన ఆఫీసువాళ్ళ ట్యాంకు తగిలించి, తొట్టెలో నీళ్ళు పోసి మోటారు నడిపాడు. ఆఫీసు ట్యాంకు రాయితీది కాదు, దానికి సీలు లేదు. రెండు గంటలు ఆగకుండా నడిచింది. మళ్ళీ దానయ్య ట్యాంకు తగిలించారు. తొమ్మిది నిమిషాలకి ఆగింది.

"ఇప్పుడు స్పష్టమైనది," అన్నారు పరంజ్యోతి గారు. "విభాగము వారు నడిపిన యెడల నడుచుచున్నది. మత్స్యకారుడు నడిపిన యెడల ఆగుచున్నది. లోపము యంత్రమునందు లేదు."

"నేను ముట్టుకోనే లేదు కదండీ! తాడు లాగింది కూడా ఆయనే!" అన్నాడు దానయ్య.

"నీవు సమీపమున ఉంటివి."

దాంతో శిక్షణ తరగతులు పెట్టారు. అంశం: మోటారు యజమాని నైతిక స్థైర్యం. తాటాకు పందిట్లో గోడకి మోటారు బొమ్మ వేలాడదీశారు. ప్రతివాడూ లేచి నిలబడి "నేను మోటారును నమ్ముచున్నాను" అని మూడుసార్లు అనాలి.

"నేను మోటారును నమ్ముచున్నానండి," అన్నాడు దానయ్య. "అదే నన్ను నమ్మట్లేదు."

అతనికి తరగతి మళ్ళీ చదవాలని రాశారు.

నెలాఖరుకి నిపుణుడు లెక్కలు తీశాడు. తరగతి పాసైనవాళ్ళవీ తప్పినవాళ్ళవీ ఒక్కలాగే తొమ్మిది నుంచి పదకొండు నిమిషాల మధ్య ఆగుతున్నాయి. ఇంత క్రమశిక్షణ తాను ఏ జిల్లాలోనూ చూడలేదన్నాడు. ఇంత సమానంగా జరిగేది లోపం ఎలా అవుతుంది, అది స్వభావం అని సంఘం తీర్మానించింది. ఆగే చోట ఎర్ర జెండాతో ఒక తేలే పీపా కట్టి, దానికి విరామ స్థానం అని పేరు పెట్టారు. పడవ అక్కడ ఆగితే ఇకమీదట చెడిపోయినట్టు కాదు, చేరినట్టు.

"సార్, చేపలు జెండా అవతల ఉంటాయి కదా!" అన్నాను. నేనూ ఏదో ఒకటి అడగాలి కదా.

"చేపల ప్రవర్తన మరొక విభాగము పరిధిలోనిది. లేఖ వ్రాసెదము."

సీలు మొదలైన మూడు నెలల్లో మా ఊళ్ళో ఆయిలు వాడకం పదింట తొమ్మిది వంతులు పడిపోయింది. మోటార్లు నడవకపోతే వాడకం పడిపోతుందని మీకూ నాకూ తోస్తుంది. పై ఆఫీసుకి వేరేగా తోచింది. ఇంధన పొదుపులో ప్రథమ స్థానం అని పరంజ్యోతి గారికి ఒక ఫలకం ఇచ్చారు. నాకు శాలువా కప్పారు. కప్పించుకున్నాను. ఫోటోలో నవ్వుతున్నాను కూడా. పక్కనే సీలు వేసిన ట్యాంకుకి పూలదండ.

అదే వారంలో దానయ్య పడవ మొగలో ఆగింది.

పిల్లలకి కూర కూడా లేక, జెండా దాటాలని అతను మోటారు వెయ్యకుండా జెండా దాకా తెడ్లతోనే వెళ్ళాడు. అక్కడ మోటారు వేశాడు. తొమ్మిది నిమిషాలు అతనికి మొగ దాటడానికి బాగానే సరిపోయాయి. తిరిగి రావడానికి సరిపోలేదు. కెరటాల మధ్యలో బుడ్డి చప్పబడిపోయింది. పడవ అడ్డం తిరిగింది. వల మొత్తం సముద్రం లాగేసుకుంది. అతను పడవ అంచు పట్టుకుని, సముద్రపు పోటుకి ఎలాగో ఒడ్డుకి కొట్టుకొచ్చాడు.

మర్నాడు నా ఇంటికి వచ్చాడు. అరుగెక్కలేదు.

"బావా, నిన్న వలెల్లింది. ఈసారి నేనెల్తాను. అప్పుడు మీ చెల్లి నీ టెంటులోకొచ్చి కూకుంటాది, ముందు వరసలో. సప్పట్లు కొట్టించుకో."

"దానయ్యా, సంఘం పరిశీలిస్తోంది…"

"మూత తీసేత్తాను. దొంగనంటావా?"

మైకులేని చోట నాకు మాట తొందరగా రాదు.

"అంటావు," అన్నాడతను. "శాలువా కప్పుకున్నావుగా." వెళ్ళిపోయాడు. లోపల మరిడమ్మ గిన్నెలు సర్దుతున్న చప్పుడు ఆగిపోయింది. ఆవిడ ఏదైనా అంటుందని చూశాను. ఆవిడ ఊరుకోవడం నాకు అంతకుముందు తెలియదు.

ఆ రోజే ఆఫీసుకి పోయి బల్ల గుద్దాను. ప్రత్యక్ష పరిశీలన జరగాలి, ఉప సంచాలకులు స్వయంగా పడవెక్కాలి, మొగ దాకా రావాలి అన్నాను. అప్పటికీ సీలు తియ్యమని నా నోట రాలేదు చూడండి. ఆయనే పడవెక్కి, ఆయనే చూసి, ఆయనే తియ్యమంటే నా మాట నిలబడుతుందని నా ఎత్తు. పరంజ్యోతి గారు సరేనన్నారు. జెండా మాసిపోయిందట, మార్చి ఫోటో తీయించుకోవాలట.

పరిశీలన రోజున ఆయన నారింజ రంగు లైఫ్ జాకెట్ మీద ఫలకం ఇచ్చినప్పటి బ్యాడ్జీ పెట్టుకుని వచ్చారు. దానయ్య నీళ్ళవైపు చూశాడు.

"ఇప్పుడొద్దండి. పాటు లాగుతాంది. ఏటి నీరంతా సముద్రంలోకి తోసేత్తాది. జెండా దగ్గర మోటారు ఆగితే మనల్ని మొగలోకి ఈడ్చేత్తాది. పోటు మొదలయ్యాక, రెండింటికి ఎల్దాం."

"కార్యక్రమము పదిన్నరకు ఆమోదము పొందినది."

"సముద్రానికి కూడా ఓ కాయితం ఎయ్యండి మరి," అన్నాడు దానయ్య.

మేం ముగ్గురం బయల్దేరాం. తొమ్మిదో నిమిషంలో మోటారు దగ్గింది. జెండా దగ్గరే ఆగింది, నియమం ప్రకారం. పరంజ్యోతి గారు కొత్త జెండా విప్పారు. ఆయన పీపా అందుకునేలోపు పీపా వెనక్కి పోయింది. నిజానికి మేమే ముందుకి పోతున్నాం. దానయ్య లేచి తెడ్డు నీళ్ళలో గుచ్చాడు. లాభం లేదు. ఎదురుగా తెల్లగా నురుగు లేస్తోంది. దాని చప్పుడు ముందు, దాని తడి తరవాత వచ్చాయి.

"బావా! పడవ మూతి కెరటానికి ఎదురుగా నేను పట్టుకుంటాను. నా సేతులు కాళీ లేవు. మూత సూడు!"

ట్యాంకు పరంజ్యోతి గారి ఒళ్ళో ఉంది. ఆయన దాన్ని రెండు చేతులా కావలించుకుని కూర్చున్నారు, తేలుతుందన్న ఆశతోనో, ప్రభుత్వ సీలు తడుస్తుందన్న భయంతోనో.

"ఇవ్వండి సార్!"

"సీలు తొలగించుటకు పంచనామా కావలెను! ఇద్దరు సాక్షులు! పరస్పరము బంధువులు కానివారు!"

"వీడు నా చెల్లెలి మొగుడు!"

"అదే ఇబ్బంది!"

మొదటి కెరటం ముగ్గురినీ తడిపి పడవలో మోకాలి లోతు నీళ్ళు పోసి పోయింది. దానయ్య తెడ్డు మీద బరువంతా వేసి నిలబడ్డాడు. అతని మెడ నరాలు తాళ్ళలా లేచాయి. నా వైపు తిరగలేదు. అడగడం మానేశాడు. నాకు ఒడ్డున నిలబడ్డ మంగ కనిపించింది. అంత దూరం నుంచి మొహం తెలియదు, కొంగు నెత్తిన వేసుకుని ఉందని మాత్రం తెలుస్తోంది.

నేను పరంజ్యోతి గారి మీద పడ్డాను. ఆయన చేతులు విడదీశాను. కత్తి కోసం వెతికే తీరిక లేదు. లక్కని పళ్ళతో కొరికాను. పన్ను విరిగింది. గుడ్డ చింపి మూత తిప్పాను. సుయ్ఁ మని ఒక్క పీల్పు. మూడు నెలలుగా రోజూ బిగబట్టిన ఊపిరి ఆ ట్యాంకు ఒక్కసారిగా పీల్చుకుంది. బుడ్డి నొక్కాను. నా అరచేతిలో అది ఉబ్బింది. దానయ్య తెడ్డు పడేసి తాడు లాగాడు.

రెండో కెరటం వచ్చేసరికి మేం దాని మీదుగా ఎక్కి అవతల దిగాం. దానయ్య వెనక్కి తిప్పి, కెరటం వీపు మీద ఒడ్డుకి తెచ్చేశాడు. మంగ నీళ్ళలోకి నడుం దాకా వచ్చేసింది. మొగుణ్ణి ముట్టుకుని చూసింది. తరవాత నా చెంప మీద ఒక్కటి కొట్టింది. నాకంటే పదేళ్ళు చిన్నది. చప్పుడు మైకులో చెప్పినట్టు వినపడింది.

ఆ సాయంత్రమే మైకు తెప్పించాను. మస్తాను చెప్పింది నిజం, సీలు నా బుద్ధితక్కువ, మూత తీసినవాణ్ణి నేను, దొంగని నేను అని చెప్పేశాను. జనం అలవాటు చొప్పున చప్పట్లు కొట్టారు. మర్నాడు విభాగానికి వెళ్ళి నా మీద కేసు రాయమన్నాను. కేసు రాస్తే ఎందుకు తీశావని అడగాలి, కారణం రాయాలి, గాలి అనే మాట ఒక్కసారైనా ప్రభుత్వ కాగితం మీదకి ఎక్కాలి. అది నా పథకం.

పరంజ్యోతి గారు ఆరిన బట్టల్లో కూర్చుని రిజిస్టరు తెరిచారు.

"సదరు దినమున సాయంత్రము అయిదు గంటలకు, చెక్కుచెదరని సీలును నా సమక్షమున తొలగించినట్లు నమోదైనది. తమరు దొంగ యనుటకు ఆధారములు లేవు."

"లక్క కొరికి పన్ను విరిగింది సార్! చూడండి!"

"దంతములు మరొక విభాగము."

"మరి మోటారు ఎలా నడిచింది?"

"నైతిక స్థైర్యము వలన. శిక్షణ ఫలితము అని నివేదిక పంపడమైనది."

నేను టెంటు వేశాను. నన్ను దొంగగా ప్రకటించే వరకూ కదలనని బోర్డు రాయించాను. మొదటి రోజు ఇరవై మంది వచ్చారు. రెండో రోజు ఏడుగురు. మూడో రోజు ఉదయం ఒక్కడూ లేడు. యాభై కుర్చీలు, నేను, ఒక కుక్క.

మరిడమ్మ అన్నం క్యారేజీ తెచ్చి, చుట్టూ చూసి, కుర్చీ లాక్కుని కూర్చుంది.

"జనం ఏరీ?"

"అదే నేనూ చూస్తున్నాను. ఉద్యమ స్ఫూర్తి చచ్చిపోయింది."

"ఉద్యమం కాదు. మస్తాను దగ్గరికెల్లి వాణ్ణి బతిమాలుకున్నారు. వాడు ముందు నిన్ను తిట్టి, ఆ తర్వాత మేకు కాల్చి లక్కలోంచి గాలి చిల్లు దాకా బొక్క పెట్టిచ్చాడు, నలభై రెండు మూతలకీ. ఇంక రోజూ సీలు పడగానే ఎవరి మూతకి వాళ్ళే పెట్టుకుంటారు. సీలు సీలులాగే ఉంది. సాయంత్రం ఆఫీసరు సూత్తాడు, బానే ఉందంటాడు. రాసుకుంటాడు. అందరికీ నిద్దరే."

"అది నిబంధనకి విరుద్ధం," అన్నాను. అప్పటికి నా బుద్ధి అంతవరకే పోయింది.

"అన్నం తిను," అంది.

నేను తినలేదు. మైకు అందుకున్నాను. ఖాళీ కుర్చీలనుద్దేశించి, సోదరులారా, ఈ నిబంధన కాగితం మీద ఉన్నంతకాలం మన పోరాటం ఆగదు అని మొదలుపెట్టాను. అప్పుడే ఏటి మీద ఒక మోటారు అందుకుంది. దాని వెనక ఇంకోటి. తరవాత అన్నీ. పాట్లు పోట్లు చూసుకుని, ఎవరి ఆమోదమూ లేకుండా, నలభై రెండు పడవలు టెంటు ముందునుంచి జెండా వైపు పోయాయి. జెండా దాటాయి. మొగ దాటాయి. దానయ్య తల తిప్పి చూశాడో లేదో కూడా తెలియదు. నేను అరుస్తూనే ఉన్నాను. ఎంత అరిచినా నా మాట నాకే వినపడలేదు.

మైకు కట్టేసి, క్యారేజీ విప్పాను.